పక్కింటి పొత్రం

మా కోడలిది హైదరాబాదు. మేముండే ఈ బెంగాలీ ఊళ్ళోనే సాల్ట్ లేక్‌లో కంప్యూటర్ ఉద్యోగం. మనవరాలు పుట్టిన పదో రోజుకే ఇంటికి ఒక పెద్ద పెట్టె తెప్పించింది. కరెంటు ఉయ్యాలట. పాప ఏడుపు వినగానే దానంతటదే ఊగుతుందట, పాట కూడా పాడుతుందట.

"ఏటమ్మా ఇది? ఉయ్యాలా, గుడ్లు పొదిగించే పెట్టా?" అన్నాను.

"చేత్తో ఊపుడు అలవాటైతే క్రెష్‌లో ఉండదు అత్తమ్మా. సెలవు అయిపోగానే ఆఫీసు పక్కన క్రెష్‌లో వేస్త," అంది.

ఓడరేవు పక్కన వాట్‌గంజ్‌లో ఈ ఇంట్లో నేనుండగా పిల్లను ఎవరి చేతుల్లోనో పెడుతుందా? నేనేమైనా చచ్చానా? నోరు ఊరుకుంది గానీ బుద్ధి ఊరుకోలేదు.

మాలో బారసాల నాడు ఉయ్యాలలో పిల్లకంటే ముందు పొత్రాన్ని పడుకోబెడతారు, పిల్ల రాయిలా గట్టిగా ఉండాలని. మా ఇంటి సన్నికల్లు పొత్రం చిన్నది. అందుకని ఆ పొద్దున, బౌది అని పిలిచే పక్కింటి బెంగాలీ వదిన దగ్గరికి వెళ్ళి, పెళ్ళిళ్ళకు మసాలా నూరే వాళ్ళ పెద్ద పొత్రం అడిగి మోసుకొచ్చాను. పసుపు రాసి, బొట్టు పెట్టి, కొత్త గుడ్డ చుట్టి, ఆ కరెంటు ఉయ్యాలలో పడుకోబెట్టి మీట నొక్కాను. అది ఒకసారి అటు ఊగింది. మళ్ళీ ఇటు రాలేదు. మూలిగింది, కాలిన వాసన కొట్టింది, పాట మధ్యలో ఆగిపోయింది.

"అయ్యయ్యో, నాకేటి తెలుసమ్మా!" అని బుగ్గలు నొక్కుకున్నాను.

డాక్‌లో ముప్పయ్యేళ్ళు సరుకు మూటలు కట్టిన మా ఆయన నన్ను ఎగాదిగా చూసి, "ఓసి నీ దుంప తెగ! ఆ రాయి దింపాలంటే క్రేను కావాలే," అని గొణిగాడు. ఆ సాయంత్రమే ఇనప దూలానికి మోకు కట్టి, నా పాత చీరతో ఉయ్యాల వేశాడు. కోడలు మూడు రోజులు నాతో ముక్తసరిగా మాట్లాడింది. పాప మాత్రం ఆ చీరలో పడగానే నిద్రపోయేది.

సెలవు అయిపోయింది. "ఒక్కరోజు చూస్త అత్తమ్మా. ఏడిస్తే మాత్రం రేపే క్రెష్," అని చెప్పి కోడలు క్యాబ్ ఎక్కింది.

ఆ రోజు మనవరాలు ఏడిస్తే ఒట్టు. ఉగ్గు తింది, నవ్వింది, చీరలోంచి ఒక కాలు బయటపెట్టి పడుకుంది. తల్లి ఊసే లేదు. గెలిచానని నాలో నేనే మురిసిపోయాను. కోడలికి ఈ సంగతి ఎలా చెప్పాలో మాటలు కూడా కూడబలుక్కున్నాను.

చీకటి పడుతుండగా వచ్చింది. చెప్పులైనా విప్పకుండా ఉయ్యాల దగ్గర నిలబడింది. పాప కళ్ళు తెరిచి, తల్లిని చూసి, మళ్ళీ మూసుకుంది. కోడలి పెదవి వణికింది.

"నన్ను అసలు తలుచుకోనే లేదా అత్తమ్మా?"

కూడబలుక్కున్న మాటలన్నీ ఎటో పోయాయి. పాడు నోరు, సరిగ్గా అప్పుడే తిరగబడింది.

"తలవకపోవడమేటి! పొద్దుగూకులూ నీ కోసవే ఏడిసింది. గుమ్మం వేపే సూసి సూసి ఇప్పుడే పడుకుంది," అనేశాను.

మూలన కూర్చున్న మా ఆయన తల పట్టుకున్నాడు. రేపటి నుంచి పాప ఇంట్లో ఉండదని నాకు మాత్రం తెలియదా?

కోడలు పాపను గుండెకు హత్తుకుంది. కళ్ళలో నీళ్ళు, ముఖం నిండా సంతోషం. "మీ దగ్గరే ఇంత ఏడిస్తే క్రెష్‌లో ఏమైపోతదో! ఇక్కడే ఉండనీ అత్తమ్మా," అంది.

అప్పట్నుంచి రోజూ సాయంత్రం, పాప ఎంత ఏడ్చిందో చెబుతూనే ఉన్నాను.