అప్పగింతల దగ్గర వెనకబడిన గొంతు

2007లో నాచారంలోని ఒక వీడియో ల్యాబ్‌లో సీనియర్ ఎడిటర్‌గా చేరాను. పాత పెళ్లి క్యాసెట్లను డీవీడీలుగా మార్చడం మా విభాగం పని. మాటకూ పెదవికీ పొత్తు కుదరకపోతే 'సింక్ పోయింది' అంటాం. దానికి మా ల్యాబ్‌లో తెలిసిన వైద్యం ఒక్కటే: అసలు శబ్దం తీసేసి సినిమా పాట వేయడం. సన్నాయి పోయినా, పురోహితుడి గొంతు పోయినా అడిగిన నాథుడు లేడు. మేమూ హాయిగా ఉండేవాళ్లం.

ఆ హాయిని చెడగొట్టింది మల్లాపూర్‌లో మందుల ఫ్యాక్టరీలో పనిచేసే లక్ష్మి. మేము చేసిచ్చిన తన పెళ్లి డీవీడీని తిరిగి తెచ్చింది. ఆపరేటర్ యాదగిరి అలవాటు కొద్దీ, "ఫికర్ జెయ్యకు అక్కా, మంచి పాటేస్త" అన్నాడు.

"పాటొద్దన్నా. మా నాయిన మాట గావాలె."

గొంతు ఆపరేషన్ తర్వాత వాళ్ల నాన్నకు మాట పోయిందట. అప్పగింతలప్పుడు వియ్యంకుడితో ఆయన అన్న నాలుగు ముక్కలే మిగిలాయి. మా డీవీడీలో ఆయన నోరు మూసుకున్నాక ఆ మాట వస్తోంది. "గది తాత గాదు, ఇంకెవరో మాట్లాడుతున్రు అంటది నా బిడ్డ" అని లక్ష్మి కళ్లు తుడుచుకుంది. నా మనసు చివుక్కుమంది.

యాదగిరి గట్టిమేళాన్ని గుర్తుగా పెట్టుకుని శబ్దాన్ని ముందుకు జరిపాడు. తాళి కట్టే ఘట్టం అతికినట్టు కుదిరింది. కానీ మొదట్లో పురోహితుడు నోరు తెరవకముందే మంత్రం మొదలైంది, అప్పగింతల దగ్గర గొంతు ఇంకా వెనకే ఉంది. తేడా అంతటా ఒకేలా ఉంటే జరిపితే చాలు. పోనుపోను పెరుగుతుంటే జబ్బు వేరు. క్యాసెట్ అరిగిన చోటల్లా కంప్యూటర్ కొన్ని బొమ్మలను వదిలేసి, శబ్దాన్ని మాత్రం మొత్తం పట్టుకుంది. అందుకే శబ్దం వెనకబడుతూ వచ్చింది.

లక్ష్మి చేత అసలు క్యాసెట్ తెప్పించి, ప్లేయర్ హెడ్ తుడిచి, వణికే సిగ్నల్‌ను నిలకడ చేసే టైమ్ బేస్ కరెక్టర్ పెట్టి మళ్లీ ఎక్కించాం. అయినా అప్పగింతల దగ్గర కొంచెం తేడా మిగిలింది. ప, బ, మ పలికేటప్పుడు పెదవులు కలవక తప్పదు కదా, ఆ చోట్లు చూసుకుంటూ చేత్తో సరిచేశాను. బిడ్డను జాగ్రత్తగా చూసుకోమంటూ ఆయన అన్నది, "మా బిడ్డ పైలం బావా." ఇంతకన్నా మంచి గుర్తులు ఏ ఎడిటర్‌కు దొరుకుతాయి!

డీవీడీ తీసుకోవడానికి లక్ష్మి తండ్రినీ కూతురినీ వెంటబెట్టుకొచ్చింది. పాప టీవీ వైపు చూసి, పక్కనున్న తాత పెదవుల వైపు చూసింది. ఆయన అవే మాటలను శబ్దం లేకుండా పలుకుతున్నాడు.

"తాతా, మల్ల అను" అంది.

యాదగిరి డీవీడీని వెనక్కి తిప్పాడు.

నేను పదవీ విరమణ చేసేదాకా మా విభాగంలో రెండు పద్ధతులు సాగాయి. సింక్‌ను ముందుగా అప్పగింతల దగ్గర చూసేవాళ్లం. ఏ మాట మీదైనా పాట వేసే ముందు, మాట్లాడుతున్నది ఎవరని ఇంటివాళ్లను అడిగేవాళ్లం.