తాళాలాయన

వీధి తలుపుకు తాళం వేశాక పదేపదే లాగి చూడనిదే కదలడు కాబట్టి ఇరుగుపొరుగు అతన్ని తాళాలాయన అంటారు. ల్యాప్‌టాప్‌లోనూ అదే వరస. లినక్స్ పెట్టి, అందులో ఉత్తుత్తి కంప్యూటర్లను గదుల్లా కట్టుకున్నాడు. బ్యాంకు పనికొక గది, ఉత్తరాలకొకటి, నెట్‌కొకటి, పెన్‌డ్రైవ్‌లకొకటి. ఒక గదిలోది ఇంకో గదిలోకి తొంగిచూడకూడదు. ఆవేళ చెల్లెలికి కాన్పయింది, వీడియోకాల్‌లో పాపను చూపిస్తానంది. భార్య ఫోన్ తీయబోతే, "ఆగవే, పెద్ద తెర మీద చూద్దాం" అన్నాడు. తీరా చూస్తే నెట్ లేదు. ల్యాప్‌టాప్‌లోని సిమ్ తీసి, ఉఫ్ఫుమని ఊది, మళ్లీ పెట్టాడు. సిమ్ నుంచి నెట్ అందించే మోడెమ్ ఉలకదు, పలకదు. గడ్డం గోక్కుంటూ కమాండ్ల మీద కమాండ్లు కొట్టాడు. ఫోన్ చేతిలోనే ఉన్నా భార్య తనొక్కర్తే పాపను చూసేయలేదు. కుర్చీ లాక్కుని అతని పక్కనే కూర్చుంది.

"ఇంతకీ ఆ మోడెమ్‌ని ఏ గదిలో పెట్టారు?" అంది. అతను గదుల జాబితా తెరిచి చూశాడు. మోడెమ్ నిక్షేపంగా ఉంది. తనే దాన్ని పెన్‌డ్రైవ్‌ల గదిలో పెట్టి, నెట్ గదికి దారి మూసేశాడు. "మీరే గడియ పెట్టి, మీరే తలుపు బాదుతున్నారన్నమాట!" అని ఆమె పగలబడి నవ్వింది. దారి తెరవగానే తెర నిండా పాప ప్రత్యక్షమై ఆవులించింది. "అచ్చం మా అమ్మ ఆవులింతే!" అంటూ అతను పక్కింటివాళ్లను పిలవడానికి పరిగెత్తాడు. వెనకాల వీధి తలుపు బార్లా తెరిచే ఉంది.