దయచేయండి

భార్య పోయాక బండి తాతకు మాట్లాడే తోడు గుర్రమొక్కటే. అది మిలటరీలో చేసి రిటైరైన ముసలిది. అందుకని తాత దాన్ని "మీరు" అనేవాడు. "దయచేయండి" అంటే తప్ప అదీ అడుగు వేసేది కాదు.

ఓ ఉదయం అల్లుడు ఇటుకబట్టీ ఆసామిని గుర్రం బేరానికి తెచ్చాడు.

"నడువే!" అన్నాడు ఆసామి. పగ్గం లాగాడు, వెనకనుంచి తోశాడు, దాని ఏడు తరాలనూ తలుచుకున్నాడు. గుర్రం అలిగిన వియ్యంకుడిలా నిలబడింది.

"చెవుడా ఏంటి మామయ్యా?" అన్నాడు అల్లుడు.

తాత నాలుక మీదికొచ్చిన మాటను మింగేశాడు. "వయసు కదా నాయనా!"

ఇద్దరూ విసుక్కుంటూ వెళ్లిపోయారు. వీధి ఖాళీ అయ్యాక తాత లాయం తలుపు తీసి, "ఇక దయచేయండి," అన్నాడు.

గుర్రం ఠీవిగా లోపలికి నడిచింది. ఆ పూటకు ఆ ఇంట్లో వినపడిన మర్యాద మాట అదొక్కటే.