ఓడ వచ్చిన శనివారం

డెబ్భైల చివర్లో నేను వన్‌టౌన్‌లో సిస్టర్లు నడిపే బడిలో తెలుగు చెప్పేదాన్ని. ఐదో తరగతికి క్లాసు టీచర్ని కూడా. మాది గోదావరి జిల్లా. మావారికి పోర్టులో ఉద్యోగం రావడంతో విశాఖపట్నం వచ్చాం. కొత్తలో ఇక్కడి యాస తెలీక, పిల్లలు "ఏటి టీచర్?" అంటే నన్ను కసురుతున్నారేమో అనుకునేదాన్ని.

దసరా సెలవులయ్యాక ఒక నేవీ నావికుడి కూతురు మా క్లాసులో చేరింది. కొచ్చిన్ నుంచి బదిలీ మీద వచ్చారు. తెలుగు అక్షరాలు దిద్దమంటే పలక ముందు పెట్టుకుని ఊరికే కూర్చునేది. ఎందుకమ్మా అని నాకొచ్చిన హిందీలో అడిగాను.

"కొచ్చిన్‌కి ముందు జామ్‌నగర్‌లో గుజరాతీ నేర్చుకున్నాను టీచర్. నేర్చుకోగానే అక్కణ్ణించి తీసుకొచ్చేశారు. నా ఫ్రెండు అక్కడే ఉండిపోయింది. ఇక్కణ్ణించీ వెళ్ళిపోతాం కదా?"

ఆ రోజుకి దిద్దడం మానిపించాను.

తుఫాను గాలులు మొదలైన రోజుల్లో వాళ్ళ నాన్న ఓడ సముద్రం మీదే ఉంది. ఒక మధ్యాహ్నం కిటికీ తలుపులు టపటపా కొట్టుకుంటుంటే ఆ పిల్ల బల్ల మీద తల పెట్టుకుని ఏడ్చింది. జాలరిపేట నుంచి వచ్చే అమ్మాయి ఒకర్తి ఉండేది, నోరు మూతపడదు. లేచి నిలబడింది.

"ఈ పిల్లకేటయింది టీచర్?"

"వాళ్ళ నాన్న ఓడ మీద ఉన్నారు. గాలికి భయపడుతోంది."

"మా అయ్యా సేపల ఏటకెల్లాడు, ఇంకా రాలేదు. నానేడుత్తన్నానా?" అంది. అంటూనే దాని కళ్ళూ నిండాయి. వెళ్ళి పక్కన కూర్చుని ఆ పిల్ల చెయ్యి పట్టుకుంది. ఒకరి మాట ఒకరికి తెలీదు. బడి వదిలేదాకా అలాగే కూర్చున్నారు.

జాలరిపేట అమ్మాయి తండ్రి ఆ సాయంత్రమే ఒడ్డు చేరాడు. మర్నాడు దాని టిఫిను డబ్బాలో వేయించిన చేపలు ఇద్దరూ తిన్నారు. అది "సేప" అంటే కొచ్చిన్ పిల్లా "సేప" అంది. నేను వాచకం పక్కన పెట్టి ఓడ, గాలి, అల, తెడ్డు రాయించాను. ఆ పిల్ల పలక నిండింది.

నెల పోయాక, శనివారం ఓడ రేవులోకి వస్తుందని కొచ్చిన్ పిల్ల వాళ్ళమ్మ వచ్చి చెప్పింది. పిల్లల్ని ఓడలు లోపలికొచ్చే చానల్ గట్టుకి తీసుకెళ్తానని హెడ్మిస్ట్రెస్ సిస్టర్‌ని అడిగాను. "బురదలో జారిపడితే?" అన్నారావిడ. శనివారం మాత్రం గొడుగు తీసుకుని ఆవిడే మా ముందు నడిచారు.

డాల్ఫిన్ నోస్ కొండ కింద నుంచి ఓడ మెల్లగా లోపలికొచ్చింది. డెక్ మీద తెల్లబట్టల నావికులు కదలకుండా వరసగా నిలబడ్డారు.

"మీ నాన్నేడే?" అంది జాలరిపేట అమ్మాయి.

"అందరూ ఒకలాగే ఉన్నారు!" కొచ్చిన్ పిల్ల తెలుగులోనే అని నవ్వింది.

"అయితే అందరికీ సెయ్యూపేయ్!"

క్లాసంతా చేతులూపుతూ "నాన్నా!" అని కేకలేసింది. వరసలో ఒకాయన చెయ్యి కొంచెం పైకి లేచి, చటుక్కున దిగిపోయింది. "అదే మా నాన్న" అంది ఆ పిల్ల.

ఆరో తరగతి అయ్యాక వాళ్ళకి మళ్ళీ బదిలీ అయింది. రైలెక్కే ముందు స్నేహితురాళ్ళిద్దరూ వెక్కి వెక్కి ఏడ్చారు. ఇక జాలరిపేట అమ్మాయి కొత్తవాళ్ళ జోలికి పోదేమో అనుకున్నాను. జూన్‌లో బడి తెరిచిన రోజే ఏడో తరగతి గదిలోంచి పరిగెత్తుకొచ్చింది.

"నేవీ పిల్ల ఒకర్తి కొత్తగా సేరిందంట కదా టీచర్. ఏ బాస?"

"గోవా నుంచి వచ్చిందే. వాళ్ళ భాష నాకూ రాదు."

"మనకి ఎప్పుడొచ్చింది గనక!" అని, తలుపు దగ్గర బిక్కుబిక్కుమంటూ నిలబడ్డ ఆ పిల్లని చెయ్యి పట్టుకుని ఆటలకి లాక్కుపోయింది.