సోడియం లైటు కింద ఎర్ర వైరు

2022 శీతాకాలం. పిస్కాటవే అనే ఊరి దగ్గర్లో ఒక ఫ్యాక్టరీ. పెద్ద యంత్రాల లోపల ఉండే రంగురంగుల వైర్లను కట్టలు కట్టి, కొసలకు కనెక్టర్లు బిగించి పంపడం వాళ్ల పని. పాత లైట్లు తీసేసి ఎల్ఈడీలు పెడితే లాభమేమిటో చూసి చెప్పమని మా కంపెనీని పిలిచారు. ఆ చూసి చెప్పడాన్నే మేం లైటింగ్ ఆడిట్ అంటాం. లైట్ మీటర్ మెడలో వేసుకుని నేను వెళ్లాను.

ఎల్ఈడీ గొప్పలు నన్ను నిద్రలో లేపి అడిగినా చెబుతాను. కరెంటు తక్కువ తాగుతుంది. ఏళ్ల తరబడి వెలుగుతుంది కాబట్టి, బల్బు మార్చడానికి నిచ్చెన బండి తెప్పించి కింద పని ఆపనక్కర్లేదు. కరెంటు పోయి వస్తే, సోడియం లైటులా వేడెక్కేదాకా కాచుకోకుండా వెంటనే వెలుగుతుంది. ఇదంతా చెప్పబోతుంటే ప్లాంట్ మేనేజర్ గ్రెగ్ చెయ్యి అడ్డం పెట్టి, "బిల్లు ఎంత తగ్గుతుందో అది చెప్పు చాలు" అన్నాడు. బిల్లు మాత్రమే చూసి లైట్లు కొనేవాళ్లంటే నాకు మొదటి నుంచీ ఒళ్లు మంట.

ఫ్యాక్టరీ అంతటా తెల్లటి ట్యూబ్‌లైట్లే ఉన్నాయి. వెనక మూల మాత్రం ఒకప్పుడు గోడౌన్. ఆర్డర్లు పెరిగి అక్కడా బల్లలు వేశారు గానీ, పైనున్న సోడియం లైట్లను ఎవరూ ముట్టుకోలేదు. కిటికీ లేదు. హైవే మీద పాత వీధి దీపాల నారింజ వెలుగే అక్కడంతా. ఆ మూల ఇద్దరు అట్టపెట్టెలు కడుతున్నారు. వైర్ల పని చేస్తున్నది ఒక్కావిడే. నా పేరు బ్యాడ్జి మీద చదివి, "తెలుగోళ్లా?" అంది.

ఆమె పేరు విజయ. జగిత్యాల నుంచి వచ్చి చాలా ఏళ్లయింది. నాకంటే పెద్దది కాబట్టి ఐదు నిమిషాల్లో విజయక్క అయిపోయింది. పదో నిమిషంలో అసలు సంగతి చెప్పింది. ఈ మూలకు మార్చినప్పటి నుంచి ఆమె కట్టలు తిరిగి వస్తున్నాయట. ఎర్ర వైరు ఉండాల్సిన చోట గోధుమ రంగు వైరు పడుతోందట. శుక్రవారం మీటింగ్. అజాగ్రత్త వల్లే తప్పులు జరిగాయని ఒప్పుకుంటూ సంతకం పెట్టాలి. ఇంకొక్క కట్ట తిరిగొస్తే ఉద్యోగం పోతుంది.

"నా కండ్లు మంచిగనే ఉన్నయి చెల్లె. డాక్టర్‌కు చూపిచ్చుకున్న, కలర్ టెస్ట్ పాసైన. ఈ లైట్ల కింద రంగు తెలుస్తలేదంటే సూపర్‌వైజర్ నవ్విండు."

ఆడలేక మద్దెల ఓడు అంటోంది అనుకున్నారన్నమాట. కానీ ఇక్కడ మద్దెల నిజంగానే ఓడు. ఎండలో కనిపించే రంగు లైటు కింద ఎంత నిజంగా కనిపిస్తుందో చెప్పే కొలతను మేం సీఆర్ఐ అంటాం. ఎండకు నూరు మార్కులనుకుంటే, మంచి ఎల్ఈడీకి తొంభై వస్తాయి. ఆ సోడియం లైటుకు పాతిక వస్తే గొప్ప. దాని కింద ఎరుపు, గోధుమ అక్కచెల్లెళ్లలా కనిపిస్తాయి. నీలం నల్లబడుతుంది.

"మీటింగ్‌కి ఇంటర్‌ప్రెటర్‌ను తెచ్చుకోవచ్చట. నువ్వు రారాదు?" అంది.

"మీకు ఇంగ్లీష్ బాగానే వచ్చు కదక్కా."

"అస్తది. కానీ వాళ్లు ఇద్దరుంటరు, నేనొక్కదాన్ని."

ఈ ముక్క మా కంపెనీ ఓనర్ ప్రసాద్ గారికి ఫోన్‌లో చెప్పాను. "మనకెందుకమ్మా ఈ గొడవ? వాళ్ల హెచ్ఆర్ సంగతి వాళ్లది. ఈ కాంట్రాక్ట్ పోతే రేపు నీ హెచ్-వన్ వీసా ఎక్స్‌టెన్షన్‌కి పని ఎక్కడ చూపిస్తాను?" అన్నారు. భయం వేసింది. భయం కంటే ఎక్కువ కోపం వచ్చింది. "లైట్ల గురించి మాట్లాడడానికే వెళ్తున్నానండీ. నా ఉద్యోగం అదే కదా," అని పెట్టేశాను.

శుక్రవారం గ్రెగ్, హెచ్ఆర్ ఆవిడ, మేమిద్దరం కూర్చున్నాం. కాగితం ముందుకు జరిపారు. విజయక్క దాన్ని ముట్టుకోలేదు.

"సంతకం పెట్టనని చెప్పు. మాట్లాడాలంటే నా బల్ల కాడికి రమ్మను."

చెప్పాను. గ్రెగ్ విసుక్కున్నాడు గానీ, వచ్చాడు. ఆ నారింజ వెలుగులో వైర్ల ముక్కలు గుప్పెడు బల్ల మీద పోసి, రంగుల వారీగా వేరు చేయమన్నాను. ఇదేం చిన్నపిల్లల ఆట అన్నట్టు చకచకా కుప్పలు పెట్టాడు.

చీరల కొట్టుకు మా అమ్మతో వెళ్తే, లోపల ఎన్ని దీపాలున్నా ఆవిడ నమ్మేది కాదు. చీర పట్టుకుని గుమ్మం బయటికి నడిచేది. నేనూ అదే చేశాను. కుప్పలను వేర్వేరు ట్రేల్లో పెట్టించి, సరుకు లారీలు ఆగే గుమ్మం దగ్గరికి తీసుకెళ్లి షట్టర్ ఎత్తమన్నాను. చలిగాలితో పాటు ఎండ లోపలికి వచ్చింది. గ్రెగ్ ఎర్ర కుప్పలో సగం గోధుమ రంగు ముక్కలు. నల్ల కుప్పలో నీలాలు.

అతను రెండు ముక్కలు తీసి ఎండలో పక్కపక్కన పెట్టి చూశాడు. చివరికి, "లైటు గురించి నాకెవరూ చెప్పలేదు," అన్నాడు.

నేను తర్జుమా చేయబోయేలోపే విజయక్క అందుకుంది. "ఐ టోల్డ్ యువర్ సూపర్‌వైజర్. టూ టైమ్స్."

హెచ్ఆర్ ఆవిడ కాగితం వెనక్కి తీసుకుంది. సారీ మాత్రం ఎవరి నోటి నుంచీ రాలేదు. ఆ కసి నాకు ఇప్పటికీ ఉంది. దాన్ని కొంత లైట్లు ఎంచేటప్పుడు తీర్చుకున్నాను. గ్రెగ్ చవకలో వచ్చే డెబ్బై సీఆర్ఐ ఎల్ఈడీలే అంతటా చాలన్నాడు. నడవల్లో పెట్టుకోండి, బల్లల మీద తొంభైకి తగ్గితే ఆడిట్ మీద నా సంతకం ఉండదన్నాను. ప్రసాద్ గారు దగ్గారు గానీ అడ్డం పడలేదు. వసంతానికి ఆ మూల తెల్లగా వెలిగింది. విజయక్క కట్టలు తిరిగి రావడం ఆగిపోయింది.

తర్వాత మా కంపెనీ బ్రోషర్‌కి ఆమె ఫోటో కావాలన్నారు. ఫోటో కింద వేయడానికి వాక్యం కూడా మావాళ్లే రాసిచ్చారు: "కొత్త లైట్ల వల్ల నా పని మెరుగుపడింది." చదివి వినిపించాను.

"అబద్ధం నేను చెప్ప. నా పని అప్పుడూ మంచిగనే ఉండె. బాగుపడ్డది లైటు, నేను గాదు. రాస్తే గట్ల రాయుమను, లేకుంటే నా ఫోటో వద్దు."

వాళ్లు అలా రాయలేదు. ఆమె ఫోటో ఇవ్వలేదు. ఇచ్చి ఉంటే నాకే బాధ కలిగేది.

ఇప్పటికీ బిల్లుల లెక్క నేను కడతాను, అది నా వృత్తి. కానీ ఏ ఫ్యాక్టరీలో అడుగుపెట్టినా ముందు కరెంటు బిల్లు అడగను. ఇక్కడ తప్పులు చేస్తున్నారని ఎవరిని తిడుతున్నారో అడుగుతాను. అడిగి, ఆ మనిషి దగ్గరికి వెళ్లి, నెత్తి మీద ఏ లైటుందో తలెత్తి చూస్తాను.