రోమ్‌లో మా శుక్రవారం

రోమ్ నగరంలో నేను మొట్టమొదట మెచ్చుకున్నది ఒక నీళ్ళ కొళాయిని. వీధి మలుపులో నడుమెత్తు ఇనప స్తంభం, దానికొక వంకర ముక్కు, అందులోంచి పగలూ రాత్రీ ఆగకుండా చల్లటి నీళ్ళు. చిల్లర వెయ్యక్కర్లేదు, ఎవరికీ దణ్ణం పెట్టక్కర్లేదు, నువ్వెవరని అడిగేవాడు లేడు. ముక్కు కొసని వేలితో మూస్తే పైనున్న చిన్న చిల్లులోంచి నీళ్ళు ఎగిరి తిన్నగా నోట్లో పడతాయి. ఈ ఊరు రెండు వేల ఏళ్ళుగా ప్రపంచానికి ఏవేవో బోధిస్తూ వచ్చింది. ఆ బోధలన్నీ ఒక ఎత్తు, ఈ కొళాయి ఒక ఎత్తు. ఆ మాటే అక్కతో అన్నాను.

"దిగి అరగంట కాలేదు, అప్పుడే ఉపన్యాసమా? ముందు సీసా నింపు టీచరమ్మా," అంది అక్క.

ఆమె నాకు తోడబుట్టిన అక్క కాదు. మస్కట్‌లో, బౌషర్‌లో మా పైవాటాలో ఉండేది. ఏలూరు దగ్గరి పల్లెటూరు. మస్కట్ ఆసుపత్రిలో స్టాఫ్ నర్సు. నేను మనవాళ్ళ స్కూల్లో ఫిజిక్స్ చెప్పేదాన్ని. ఆమె ఆర్‌సీఎం, అంటే రోమన్ కేథలిక్, అదీ గట్టి ఆర్‌సీఎం. నేనేమో నాస్తికుల ఇంట్లో పుట్టి, సంస్కరణ సభల్లో బెంచీల మీద నిద్రపోతూ పెరిగినదాన్ని. పరికిణీల వయసులోనే మా నాన్న నన్ను వేదికెక్కించి, దెయ్యాలు లేవని ఒక పెద్దమనిషితో వాదింపజేశాడు. మా ఇద్దరికీ స్నేహం కుదిరింది చేపల పులుసు దగ్గర. అది నిలబడింది మాత్రం పోట్లాటల మీద.

రెండు వేల ఎనిమిదో తొమ్మిదో, ఒక వసంతంలో ఇద్దరం కలిసి రోమ్ వెళ్ళాం. మా ఆయనకి సెలవు దొరకలేదు, ఆమె భర్త ఏలూరులో ఉన్నాడు. ఒకే గది, ఒకే తిండి, ఖర్చు చెరిసగం, సిద్ధాంతాలు ఎవరివి వాళ్ళవి. ఆమెకి పోప్ గారిని చూడాలని. నాకు ఒక విగ్రహాన్ని చూడాలని. నక్షత్రాలన్నీ సూర్యుళ్ళేననీ, మనలాంటి లోకాలు ఇంకా ఎన్నో ఉండవచ్చనీ చెప్పి, ఆ మాటలు వెనక్కి తీసుకోనన్న ఒక మనిషిని మతాధికారులు ప్రాణాలతో తగలబెట్టారు. కొన్ని వందల ఏళ్ళ తర్వాత, తగలబెట్టిన చోటే ఆయన విగ్రహం పెట్టారు. చిన్నప్పటి నుంచి సభల్లో ఆయన కథ విన్నాను, తర్వాత నేనే ఎన్నో సభల్లో చెప్పాను. ఆ రాళ్ళ మీద ఒకసారి నిలబడాలని నా కోరిక.

అక్క చేతిలో ఒమానీ హల్వా డబ్బా ఒకటి ఉంది. అందులో హల్వా లేదు, జపమాలలున్నాయి. మస్కట్‌లో రువి అనే పేటలోని చర్చికి వచ్చే మన ఆడవాళ్ళవి అవి. కడప వాళ్ళు, గోదావరి వాళ్ళు, ఇళ్ళల్లో పనిచేసేవాళ్ళు. ఎవరిది ఏదో తెలియడానికి ఒక్కోదానికి ఒక్కో రంగు దారం ముడి. పోప్ గారు కిటికీలో నిలబడి చెయ్యెత్తి దీవించేటప్పుడు డబ్బా మూత తీసి పైకెత్తి పట్టుకుంటే అన్నీ మంత్రించినట్టేనట.

నేను ఊరుకుంటానా? "శబ్దం గాలిలో ప్రయాణిస్తుంది. వెలుగు శూన్యంలో కూడా ప్రయాణిస్తుంది. ఈ మంత్రం దేంట్లో ప్రయాణిస్తుంది అక్కా?"

"నీ పుస్తకంలో లేనిదాంట్లో."

నవ్వాను గానీ, ఆ డబ్బా ఆమెకి ఎంత బరువో నాకు తెలుసు. ఎర్ర దారం కట్టిన జపమాల అల్ అమెరాత్‌లో వంటపని చేసే కడప ఆవిడది. వాళ్ళ 'మామా', అంటే ఇంటి యజమానురాలు, ఆమెని నెలకి ఒక్కసారి చర్చికి పంపుతుంది. నీకేం తేవాలమ్మా అని అక్క అడిగితే, "నాకేం వొద్దుకా. దీన్ని మంత్రించుకోని రా, నేను పోయొచ్చినట్టే," అంది. అక్క తప్పకుండా తెస్తానని మాటిచ్చింది. డబ్బాలో ఉన్న ప్రతి దారానికీ అలాంటి మాటే ఇచ్చింది.

మస్కట్‌లో అప్పట్లో వారం శనివారం మొదలయ్యేది. దానికి తగ్గట్టే టికెట్లు తీశాం. బుధవారం సాయంత్రం దిగడం, గురువారం నా విగ్రహం, శుక్రవారం ఆమె పోప్, శనివారం పొద్దున్నే తిరుగు విమానం, ఆదివారం ఆమెకి డ్యూటీ. ఒకటికి రెండుసార్లు సరిచూసుకున్నాం కూడా.

బస సిస్టర్ల మఠంలో. చర్చి వాళ్ళ ద్వారా అక్కే కుదిర్చింది. ఆ ఊరి మొత్తంలో అంతకంటే చవకైన శుభ్రమైన గది లేదు. నా మంచానికి సరిగ్గా తల వైపున గోడకి శిలువ వేలాడుతోంది. "రాత్రి మీద పడుతుందేమో చూసుకో," అని అక్క ఒకటే నవ్వు. తలుపు దగ్గర కూర్చునే ముసలి సిస్టర్ మేం బయటికి వెళ్ళేటప్పుడల్లా చెయ్యి ఊపి "చావ్, చావ్" అనేది. మొదటిసారి విన్నప్పుడు అక్క గడపలోనే ఆగిపోయింది.

"ఇదేంటే! సిస్టరై ఉండి చావమంటుంది?"

"అది వాళ్ళ భాషలో వెళ్ళిరమ్మని."

"ఏదైతే అదే. బయల్దేరేటప్పుడు ఆ మాట వినకూడదు." వెనక్కొచ్చి, కుర్చీలో కూర్చుని, మంచినీళ్ళు తాగి, అప్పుడు లేచింది.

"మీ బైబిల్లో ఉందా ఇది?"

"బైబిల్లో లేదు, మా అమ్మ నోట్లో ఉంది. పద."

డబ్బులేనివాళ్ళకి రోమ్ బోలెడంత మర్యాద చేస్తుంది. కాఫీ కూర్చుని తాగితే ఒక ధర, బల్ల దగ్గర నిలబడి తాగితే అందులో సగం. ఒమాన్‌లో రోజంతా నిలబడి పనిచేసిన మాకు నిలబడి తాగడం ఒక లెక్కా? పిజ్జాని పెద్ద రేకు మీంచి కత్తెరతో కత్తిరించి తూకం వేసి ఇస్తారు. చర్చి మెట్ల మీద కూర్చుని దాని మీద ఇంటి నుంచి తెచ్చిన కారప్పొడి చల్లుకుని తిన్నాం. పక్కన కూర్చున్న ఒక తెల్లావిడ ఆశగా చూస్తే అక్క ఆమెకీ చిటికెడు వేసింది. కళ్ళ నీళ్ళు తుడుచుకుంటూనే ఆవిడ ఇంకోసారి చెయ్యి చాపింది.

గుళ్ళలోకి టికెట్ లేదు. మ్యూజియంలో పెడితే జనం బారులు తీరే బొమ్మలు అక్కడ చీకటి గోడల మీద ఊరికే ఉంటాయి. కాకపోతే పక్కనే ఒక పెట్టె. అందులో నాణెం వేస్తే బొమ్మ మీద దీపం వెలుగుతుంది, కాసేపటికి టప్పున ఆరిపోతుంది. వెలుగుని ఇలా చిల్లరకి అమ్ముకునే మతం మీద అక్కడికక్కడే ఒక వ్యాసం రాయొచ్చు. నేను రాయలేదు, స్తంభం చాటున నిలబడి ఎవరైనా వచ్చి నాణెం వేస్తారేమోనని కాపు కాశాను. ఒక జపాన్ జంట వచ్చి వేసింది. దీపం వెలగ్గానే నేనూ అక్కా స్తంభం చాటు నుంచి ఒకేసారి బయటికొచ్చాం. గుర్రం మీంచి కింద పడ్డ మనిషి, చేతులు చాపి, ఆ వెలుగులో. దీపం ఆరాక అక్క గుసగుసగా, "ఇంకోళ్ళు వచ్చేదాకా ఉందామా?" అంది.

గురువారం పొద్దున్న నా విగ్రహం దగ్గరికి వెళ్ళాం. నేను పెద్ద నిశ్శబ్దాన్ని ఊహించుకున్నాను. అక్కడ కూరగాయల సంత! టమాటాలు, వెల్లుల్లి జడలు, గుత్తులు గుత్తులుగా పూలు, అరుపులు. మధ్యలో ఎత్తు దిమ్మె మీద ముసుగు కప్పుకుని, తల కొంచెం వంచి, ఆయన. అక్కకి కథంతా మళ్ళీ చెప్పాను, ఈసారి సభలో చెప్పినట్టు కాదు.

అంతా విని అక్క అడిగింది: "ఒక్కళ్ళు కూడా అడ్డం పడలేదా?"

"లేదు."

అక్క విగ్రహం వైపు తిరిగి శిలువ గుర్తు వేసుకుంది.

"అక్కా, ఆయన్ని కాల్చింది మీవాళ్ళే."

"అందుకే కదా నేను క్షమాపణ చెప్పుకుంటున్నా. మీవాళ్ళయితే నువ్వు చెప్పేదానివి." తర్వాత బత్తాయిల బండివాడి దగ్గరికి పోయి, వాడి భాష రాకుండానే బేరమాడి సగానికి తెచ్చింది.

శుక్రవారం. అక్క తెల్లచీర కట్టుకుంది. పన్నెండు కాకముందే పునీత పేతురు గుడి ముందున్న ఆ మహా మైదానంలో ఉన్నాం. జనం పెద్దగా లేరు. "ఒమాన్‌లో పేపర్లో చూస్తే ఇసకేస్తే రాలనట్టు ఉంటారే," అంది అక్క అనుమానంగా. "ముందొచ్చాం కదా," అన్నాను. గంటలు మోగాయి. అక్క మూత తీసి డబ్బాని రెండు చేతులతో పైకెత్తింది. గంటలు ఆగిపోయాయి. కిటికీలన్నీ మూసే ఉన్నాయి. అక్క చేతులు దించలేదు. కాసేపటికి డబ్బా ఒక పక్కకి ఒరిగింది. డబ్బా నేను పట్టుకున్నాను. ఊరికే ఉండలేక.

అటుగా ఒక సిస్టర్ వెళ్తోంది, మలయాళీ అని ముఖమే చెబుతోంది. అక్క హిందీలో అడిగింది. "సిస్టర్, పోప్ గారు ఇంకా రాలేదేంటి?"

"ఎల్లుండి వస్తారుగా, పన్నెండింటికి."

"ఎల్లుండా? ఆదివారం కదా వచ్చేది?"

"అవును, ఆదివారమే."

"మరి ఇవాళ శుక్రవారమేగా!"

సిస్టర్ అక్కని చూసింది, నన్ను చూసింది, నా చేతుల్లో ఎత్తిపట్టిన డబ్బాని చూసింది. "మీరు గల్ఫ్ నుంచా?" అంది.

అప్పుడు వెలిగింది. మస్కట్‌లో సెలవు శుక్రవారం కాబట్టి ఆదివారం పూజ జరిగేదీ శుక్రవారమే. ఇన్నేళ్ళుగా అక్కకి ఆదివారమంటే శుక్రవారం, శుక్రవారమంటే ఆదివారం. దేవుడితో పనే లేని నాకూ అంతే. క్యాలెండర్ చూసి టికెట్లు తీసుకున్న ఇద్దరు చదువుకున్న ఆడవాళ్ళకి, లోకంలో ఆదివారం అనే రోజు వేరే ఉందని తోచనే లేదు. నేను నవ్వు ఆపుకోలేక స్తంభం మొదట్లో కూలబడ్డాను. సిస్టర్ కూడా నవ్వింది. "మా అన్నయ్య దుబాయ్‌లో ఉంటాడు. వాడూ అంతే."

అక్క నవ్వలేదు. డబ్బా నా చేతుల్లోంచి తీసుకుని మూత పెట్టింది. "వాళ్ళకేం చెప్పనే?" అంది.

టికెట్ మార్చే వీలు లేదు, ఆదివారం వార్డు వదిలే వీలు లేదు. సిస్టరే ఒక దారి చూపింది. దగ్గరి సందులో చిన్న గుడి, అక్కడొక ఫాదర్. అక్క మొహం చూస్తే అర్థమైంది, పోప్ గారు వేరు, సందులో ఫాదర్ వేరు. నా జీవితంలో ఎన్నడూ చెయ్యని పని అప్పుడు చేశాను. మతం తరఫున వాదించాను.

"అక్కా, మీ లెక్కలోనే చెప్పు. దీవించేది ఆయన చెయ్యా, దేవుడా?"

"దేవుడే."

"మరి దేవుడికి ఏ చెయ్యైతేనేం?"

"నీకెందుకే మా దేవుడి సంగతి?"

"దేవుడు నాకొద్దు. నీ మాట ప్రకారం నువ్వు నడుస్తున్నావా లేదా, నాకు అది కావాలి."

తిట్టుకుంటూనే నడిచింది. ఆ ఫాదర్ బాగా ముసలాయన, భోజనం చేస్తున్నాడు. మెడకి కట్టుకున్న తువ్వాలు తీసి, మూతి తుడుచుకుని, లేచొచ్చాడు. డబ్బాలోని రంగు దారాలని చూసి ముచ్చటపడ్డాడు. నాలుగు మాటలు చదివి, నీళ్ళు చిలకరించి, మళ్ళీ భోజనానికి వెళ్ళిపోయాడు.

తిరుగు విమానంలో అసలు పోట్లాట. పోప్ గారే మంత్రించారని చెప్పేస్తానంది అక్క. అబద్ధం వద్దన్నాను.

"నీకేం, సులువుగా అంటావు. వాళ్ళలో కొందరు ఇంటి మొహం చూసి ఎన్నేళ్ళయిందో తెలుసా? నేను ఇవ్వగలిగింది ఆ ఒక్క మాట."

"ఆడవాళ్ళకి ఇలాంటి ఓదార్పులు చెప్పీ చెప్పీనే వాళ్ళని..." అని అందుకున్నాను. సభలో అయితే ఇక్కడ చప్పట్లు పడేవి. అక్క కిటికీ వైపు తిరిగి పడుకుంది. ఆ మాట ఇచ్చింది ఆమె. నేను కాదు. మస్కట్ వచ్చేదాకా మళ్ళీ ఆ ఊసెత్తలేదు.

మళ్ళీ శుక్రవారం రువి చర్చికి నన్నూ రమ్మంది. పూజ అయ్యేదాకా బయట నీడలో నిలబడ్డాను. ఆడవాళ్ళంతా వచ్చి అక్క చుట్టూ మూగారు. అల్ అమెరాత్ కడప ఆవిడ అందరికంటే ముందుంది. బయట డ్రైవర్ కాచుకున్నాడని తొందరపడుతోంది.

"పోపు గారు ఎట్లుండారుకా? బాగా ఎర్రగా ఉండారా?"

అక్క నోరు తెరిచింది. ఏదో చెప్పబోయి, ఎర్ర దారం జపమాలని చేతిలోకి తీసుకుని, "చూళ్ళేదమ్మా," అంది. అంతా చెప్పేసింది, శుక్రవారం, మూసిన కిటికీ, చేతులు నొప్పెట్టడం. 

"అదేంది, శుక్రవారం ఆదివారం కాదా యేంది?" అంది వెనక నుంచి ఒకావిడ, నిజంగా ఆశ్చర్యపోయి. అంతే, ఆవరణంతా నవ్వులు.

కడప ఆవిడ జపమాల లాక్కుంది. "పోపు పళ్ళేదు, అంతే గదా! పప్పు ఉడికిందిలే, ఇట్లియ్." అక్క కూడా అప్పటికి నవ్వింది. ఆవిడ దాన్ని మెళ్ళో వేసుకుంటూ, "మరి యెవురు మంత్రించినారు?" అని అడిగింది.

"ఒక ముసలి ఫాదర్. అన్నం తింటూ ఉంటే పిలిచాం. లేచొచ్చాడు పాపం."

"తినేకాడి నుంచి లేసొచ్చినాడా?" ఆవిడ చెయ్యి జపమాల మీద ఆగిపోయింది. బయట డ్రైవర్ హారన్ కొడుతున్నాడు. "మా యింట్లో నేను తప్ప యెవురూ తినేకాడి నుంచి లేవరుకా," అని, ఎర్ర దారాన్ని చీర లోపలికి దోపుకుని, గేటు వైపు పరిగెత్తింది.