సంజీవరావు మాస్టారి వేరుశనగ పెరుగు

రేపల్లె నుంచి తెనాలికి రోజూ రైల్లో వెళ్ళి పిల్లలకు ఫిజిక్సు చెప్పే సంజీవరావు మాస్టారికి ఒకచోట కూర్చునే అలవాటు లేదు. సీటు దొరికినా తలుపుకీ సీటుకీ మధ్య తిరుగుతూనే ఉంటాడు. గత రెండు నెలల్లో ఆ తిరుగుడు మరీ ఎక్కువైంది. కారణం కూతురు మనీషా.

మనీషా బాపట్లలో వ్యవసాయ డిగ్రీ చదువుతోంది. అక్కడెక్కడో పాకలో దూడని తల్లి దగ్గర్నుంచి లాగేయడం చూసిందట. ఆ రోజు నుంచి మాంసం, గుడ్డుతో పాటు పాలు, పెరుగు, నెయ్యి కూడా మానేసింది. దాన్ని వీగన్ అంటారని తండ్రికి ఆమే చెప్పింది. ఈస్టరుకు ముందొచ్చే శ్రమదినాల్లో నలభై రోజులు మాంసం మానడం ఆ ఇంట్లో తాతల నాటి నుంచీ ఉన్నదే. కాని దానికో ముగింపు ఉంది, ఈస్టరు నాడు మేకమాంసం ఉంది. దీనికి అదీ లేదు.

తల్లి ప్రేమకుమారికి ఇది మింగుడుపడలేదు. చర్చి విందుల్లో రెండొందల మందికి ఒంటిచేత్తో వండిన మనిషి. పిల్ల చిక్కిపోతోందని పప్పులో రెండు చెంచాల నెయ్యి కలిపి, చెప్పకుండా పెట్టేసింది. సగం తిన్నాక మనీషాకు వాసన తెలిసింది. ఏడ్చి గోల చేసినా బాగుండేది. లేచి చెయ్యి కడుక్కుంది. ఆ తర్వాతి ఆదివారం నుంచీ హాస్టల్లోనే బాక్సు కట్టుకుని రావడం మొదలుపెట్టింది. అమ్మానాన్నలతో కలిసి భోజన ప్రార్థన చేసి, ఆమెన్ అని, తన బాక్సు మూత తీసుకునేది. ఆ మూత చప్పుడుకి సంజీవరావు ప్రాణం ఉసూరుమనేది.

ప్రేమకుమారి తప్పు ఒప్పుకునే రకం కాదు, పిల్ల పట్టు విడిచే రకం కాదు. ఇద్దరూ ఇద్దరే. బాక్సుతో మొదలైంది, రేపు అసలు రావడమే మానేస్తే? ఆ గుబులుతో అతనికి రాత్రిళ్ళు నిద్ర లేదు. చివరికి తానే వండాలని తీర్మానించుకున్నాడు. యాభై ఆరేళ్ళలో అతను పొయ్యి మీద చేసింది టీ ఒక్కటే. అదీ పొంగించకుండా చేసిన రోజులు తక్కువ.

శుక్రవారం బడి వదలగానే తెనాలిలో ఓ పుస్తకాల షాపుకి వెళ్ళాడు. కౌంటరు దగ్గర చంద్రకళ అనే ఆవిడ ఉంది.

"వీగన్ వంటల పుస్తకం ఉందాండి?"

"రెండున్నాయండి. మేడం గారికాండి?"

"నాకే."

ఆవిడ అతన్ని ఎగాదిగా చూసింది. "మీకు వంట వచ్చాండి? కొత్తగా మొదలుపెట్టేవాళ్ళకైతే ఈ చిన్నది. గ్లాసు కొలతలూ, బొమ్మలూ అన్నీ ఉంటాయి. చెయ్యి తిరిగినవాళ్ళకైతే ఆ పెద్దది."

చిన్న పుస్తకం వైపు చెయ్యి చాపబోయాడు. ఇంతలో పెన్నులు కొంటున్న పదో తరగతి ఆడపిల్లలు ఇద్దరు "నమస్తే సార్" అన్నారు. చాపిన చెయ్యి దారి మార్చుకుంది. ముందు తేలిక లెక్కలు చెయ్యండి, తర్వాత కష్టమైనవి పట్టుకోండని ముప్ఫై ఏళ్ళు చెప్పిన నోటితోనే, "వంటదేముందండీ, వచ్చు" అన్నాడు. మాస్టార్లకు తెలియదు అనే మాట అంత తేలిగ్గా నోట రాదు మరి.

రైల్లో పెద్ద పుస్తకం విప్పాడు. తగినంత ఉప్పు. ఎప్పటిలాగే పోపు. పాకం వచ్చేదాకా. ఎంత తగినంత? ఏ పాకం? వేమూరు దాటేసరికి పది వంటలు వదిలేశాడు. భట్టిప్రోలు దగ్గర వేరుశనగ పెరుగు కనబడింది. గుళ్ళు నానబెట్టాలి, రుబ్బాలి, పాలు వడగట్టి కాచాలి, గోరువెచ్చగా అయ్యాక తోడు వెయ్యాలి. అంతే, నాలుగు వాక్యాలు. వేడి సంగతి ఫిజిక్సు మాస్టారికి ఒకరు చెప్పాలా!

శనివారం సాయంత్రం ప్రేమకుమారి చర్చిలో స్త్రీల సమాజం కూటానికి వెళ్ళగానే వంటింట్లో దిగాడు. మిక్సీ మూత ఊడి గోడంతా తెల్లబడింది. కాచిన పాలలో రెండు నిమిషాలకోసారి వేలు ముంచి చూశాడు. గోరువెచ్చగా అయ్యాయి. ఫ్రిజ్ తెరిచి, భార్య రోజూ చేసేటట్టే, పెరుగు గిన్నెలోంచి ఒక చెంచాడు తీసి వేసి కలిపాడు. పెరుగు తోడుకోవాలంటే పెరుగే వెయ్యాలి, పుట్టినప్పటి నుంచీ చూస్తున్నదే. అందులో ఆలోచించడానికేముంది?

ఆదివారం చర్చిలో ఆరాధన అయ్యాక భోజనాలకు కూర్చున్నారు. ప్రార్థన అయింది. బాక్సు మీదికి వెళ్తున్న మనీషా చేతికి అడ్డంగా గిన్నె పెట్టాడు.

"వేరుశనగ పాలతో నేనే తోడేశాను. చుక్క గేదె పాలు లేవు."

"నిజంగా నాన్నా?"

"నిజంగా."

మనీషా అన్నంలో కలుపుకుంది. మళ్ళీ వేసుకుంది. సంజీవరావుకు ఎగిరి గంతెయ్యాలనిపించింది. ప్రేమకుమారి అతన్ని కళ్ళతోనే వంటింట్లోకి పిలిచింది.

"తోడెక్కడిదండీ? నా పెరుగు గిన్నెలో చెంచాడు గుంట ఉంది."

అతను ఒక్క ఉదుటున గుమ్మం వైపు తిరిగాడు.

"నోరు మెదపకండి. రెండు నెలలకి పిల్ల ఇంట్లో తింటోంది. చెంచాడు గేదె పెరుక్కి ఏం కాదు."

అతను ఇవతలికి వచ్చి బల్ల చుట్టూ ఒకసారి తిరిగాడు, ఇంకోసారి తిరిగాడు. మనీషా తలెత్తి నవ్వింది. "వచ్చేవారం బాక్సు తేను నాన్నా."

ఆ మాట కోసమే ఇంత యాతన పడ్డాడు. అది వినగానే ఇక ఆగలేకపోయాడు.

"అమ్మా, తినకు. తోడుకి మీ అమ్మ గిన్నెలోని గేదె పెరుగు వేశాను. నాకు తట్టలేదు."

మనీషా చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. కళ్ళనిండా నీళ్ళు వచ్చాయి. అడిగింది, "ఎందుకు చెప్పావు? చెప్పకపోతే నాకు తెలిసేది కాదుగా."

"తెలిసేది కాదు. అందుకే చెప్పాను."

ఆమె ముద్ద వదిలేసి, గిన్నె పక్కన తండ్రి పెట్టుకున్న వంటల పుస్తకం ఎడమచేత్తో దగ్గరికి లాక్కుని ఆ పేజీ చదివింది. "తోడు దేంతో వెయ్యాలో ఇందులో రాయలేదు నాన్నా. వండీ వండీ ఉన్నవాళ్ళకి ఆ మాత్రం తెలుసులే అనుకుని రాశారు. ఇది నీకు పనికొచ్చే పుస్తకం కాదు. అమ్మకి పనికొస్తుంది."

ప్రేమకుమారి ఇదంతా వంటింటి గుమ్మంలోంచి వింది. "తోడు లేని రోజున మా అమ్మమ్మ పచ్చిమిరపకాయ తొడిమలు వేసేది. చక్కగా తోడుకునేది" అంది. తర్వాత వచ్చి పుస్తకం చేతిలోకి తీసుకుంది.

"నా మాట నమ్మక్కర్లేదు నువ్వు. పొయ్యి దగ్గరే నిలబడి, ఏమేం వేస్తున్నానో నీ కళ్ళతో చూసుకో. రా."

మనీషా చెయ్యి కడుక్కుని తల్లి వెనకే వంటింట్లోకి వెళ్ళింది.